లేత్ కదపాలంటే ఏది మేలు: పైపులా, హైడ్రానా?

హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే బరువైన మిషన్) బయటికి తీయాలంటే అందరూ ముందు అనే మాట "హైడ్రా పిలవండి" అనే. హైడ్రా అంటే ముందుకు చాచే బూమ్ ఉన్న చక్రాల క్రేను. నేనైతే షట్టర్ దాటేదాకా కింద పైపులు వేసి దొర్లించడమే అంటాను.

రేకుల కప్పు కింద హైడ్రా బూమ్ పైకి లేవదు. ఇక ముందుకు చాచాల్సిందే. చాచేకొద్దీ అది మోయగలిగే బరువు పడిపోతుంది. 14 టన్నుల బండి కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు.

పైపులంటే ఒకటిన్నర అంగుళాల హెవీ జీఐ ముక్కలు నాలుగైదు, రెండు గడ్డపారలు, చెక్క దిమ్మెలు. గడ్డపారతో ఒక కొస లేపి దిమ్మె దూర్చి, తర్వాత రెండో కొస. కింద ఎప్పుడూ మూడు పైపులకు తగ్గకూడదు. వెనక జారిపోయిన పైపును తెచ్చి ముందు వేసే కుర్రాడి వేళ్లే అసలు భయం. పైపు వంకర పోతే సుత్తితో తట్టాలి గానీ చెయ్యి పెట్టకూడదు. గచ్చు గుంతలుగా ఉంటే మందపాటి ఇనుప ప్లేటు పరవాలి. పని నత్తనడకే, ఒప్పుకుంటాను. కానీ మిషన్ నేలకు రెండంగుళాల ఎత్తులోనే ఉంటుంది, జారినా పడేది ఆ రెండంగుళాలే.

హ్యాండ్ పాలెట్ ట్రక్కా? చిన్న చక్రాలు, చిన్న గుంతకే ఆగిపోతాయి. వదిలేయండి.

అయితే రేడియల్ డ్రిల్లు (నిలువు స్తంభానికి పొడవాటి ఆర్మ్ ఉన్న డ్రిల్లింగ్ మిషన్) దగ్గర నా మాట చెల్లదు. బరువంతా పైన, పీఠం ఇరుకు. ఆర్మ్ కిందికి దించి లాక్ చేసి, చోటుంటే హైడ్రాతో పైనుంచి పట్టించడమే మేలు. వాలు ర్యాంపు మీద కూడా ఉత్త పైపులు వద్దు, వెనక నుంచి పుల్‌లిఫ్ట్ (చేత్తో లివర్ ఆడించే చైన్ హోయిస్ట్) పట్టి ఉండాలి.

లారీ ఎక్కించడం మాత్రం హైడ్రా పనే. లేత్‌కి హెడ్‌స్టాక్ (గేర్లుండే తల భాగం) వైపే బరువెక్కువ, అందుకని క్యారేజీ (పనిముట్టు పట్టుకుని జరిగే భాగం), టెయిల్‌స్టాక్ (ఎదురుగా ఉండే ఆధారం) అవతలి కొసకు జరిపి బిగించాలి. ఎత్తే రెండు బెల్టులు నేలతో 60 డిగ్రీలుంటే ఒక్కోదాని మీద లేత్ బరువులో సగం కంటే కాస్త ఎక్కువ పడుతుంది, 30 డిగ్రీలకు వాలితే ఒక్కోదాని మీద మొత్తం బరువంత. ముందు నేల వదిలేంత లేపించి, ఏ వైపు వాలుతోందో చూసుకోండి.

మా లేత్ ఎక్కించినప్పుడు బెల్టు లీడ్ స్క్రూని (మర తీసేటప్పుడు క్యారేజీని నడిపే పొడవాటి కడ్డీ) ఒరుసుకుంటోందని నేను గమనించలేదు. ఇప్పటికీ మర (థ్రెడ్) తీస్తుంటే ఒకచోట క్యారేజీ బిగుసుకుంటుంది.

హైడ్రాకి గంటల లెక్కన అద్దె. లేత్ షట్టర్ బయటికి వచ్చాకే ఫోన్ చేయండి.