పోస్ట్‌ఫిక్స్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేస్తే: లైబ్రరీల లెక్క మన చేతిలోనే

పలాస-కాశీబుగ్గ వైపు జీడిపప్పు వ్యాపారులకీ, శ్రీకాకుళంలో చిన్న ఆఫీసులకీ మెయిల్ సర్వర్ కావాలంటే నేను పెట్టేది పోస్ట్‌ఫిక్సే. ఉబుంటులో ఆప్ట్‌తో ఒక్క కమాండు కొడితే వచ్చేస్తుంది కదా, సోర్స్ కోడ్ తెచ్చి మనమే కంపైల్ చేసి బిల్డ్ చేయడం దేనికన్నయ్యా అని మా కుర్రాళ్లు అడుగుతారు. 2023 డిసెంబరులో ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్ లోపం (ఒక మెయిల్ లోపల ఇంకో దొంగ మెయిల్ దాచి పంపే దారి) బయటపడింది గుర్తుందా, అప్పుడు పోస్ట్‌ఫిక్స్ వాళ్లు 3.8.4తో పాటు 3.7, 3.6, 3.5 వరుసల్లో కూడా దాన్ని ఆపే కొత్త సెట్టింగుతో వెర్షన్లు ఇచ్చారు. బిల్డ్ చేయడం చేతిలో ఉన్నవాడు ప్యాకేజీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడక్కర్లేదు.

దీంట్లో నాకు బాగా నచ్చినది ఏమిటంటే, మామూలు సి ప్రోగ్రాముల్లో ఉండే కాన్ఫిగర్ స్క్రిప్టు (మెషిన్‌లో ఏమున్నాయో వెతికి బిల్డ్‌కి సిద్ధం చేసేది) ఇందులో లేదు. మేక్‌డెఫ్స్ అని ఒక షెల్ స్క్రిప్టు మన ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో చూసుకుంటుంది, మిగతాది చాలావరకు 'మేక్ మేక్‌ఫైల్స్' అన్నప్పుడు మనమే చెప్పాలి, సీసీఆర్గ్స్‌లో ఏ ఫీచర్ కావాలో, ఆక్స్‌లిబ్స్‌లో ఏ లైబ్రరీతో లింక్ చేయాలో. టీఎల్‌ఎస్ (మెయిల్‌ని దారిలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేసేది) కావాలంటే అడగాలి, మైఎస్‌క్యూఎల్ కావాలంటే అడగాలి, ఎల్‌డ్యాప్ (యూజర్ల డైరెక్టరీ) అడగకపోతే రాదు. కొత్తవాళ్లకి ఇది చాదస్తంగా అనిపిస్తుంది, కానీ కాన్ఫిగర్ స్క్రిప్టులు చాలావరకు మెషిన్‌లో ఏ లైబ్రరీ కనబడితే దాన్ని చెప్పకుండా కలిపేస్తాయి, అలా బిల్డ్ చేసిన ఫైలు తీసుకెళ్లి ఇంకో సర్వర్‌లో పెడితే ఏదో ఒక డాట్ ఎస్ఓ (లైబ్రరీ) ఫైలు లేదని ఆగిపోతుంది, అది కూడా కస్టమర్ ఆఫీసులో నలుగురి ముందు. పోస్ట్‌ఫిక్స్‌తో ఆ టెన్షన్ చాలావరకు లేదు. నేనిచ్చిన లైను ఒక టెక్స్ట్ ఫైల్లో దాచుకుంటాను, మరుసటి వెర్షన్‌కి మళ్లీ అదే లైను.

అసలు తలనొప్పి బర్క్‌లీ డీబీ, అంటే పోస్ట్‌ఫిక్స్ తన మ్యాపులు (అడ్రసులూ వగైరా వెతికే పట్టికలు) దాచుకునే డేటాబేస్ లైబ్రరీ. లినక్స్‌లో పోస్ట్‌ఫిక్స్ మామూలుగా దాని హెడర్ ఫైలు కోసం చూస్తుంది, లిబ్‌డీబీ-డెవ్ ప్యాకేజీ వేయకపోతే మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. అది వేసుకుంటే సరిపోతుందా అంటే లేదు. బిల్డ్ చేసినప్పుడున్న డీబీ వెర్షన్ ఒకటి, నడిచేటప్పుడు దొరికిన వెర్షన్ ఇంకొకటి అయితే పోస్ట్‌ఫిక్స్ ఆ విషయం లాగ్‌లో రాసి పని ఆపేస్తుంది. డేటా పాడవకుండా ఆగడం నాకు సరైన పనిగానే అనిపిస్తుంది. పైగా దాని యజమాని ఒరాకిల్ 2013లో 6.0 వెర్షన్ నుంచి లైసెన్సు ఏజీపీఎల్‌కి (ఇంకా గట్టి షరతులున్న ఓపెన్ సోర్స్ లైసెన్సు) మార్చింది, అందుకే డిస్ట్రోలు చాలావరకు 5.3 దగ్గరే ఉండిపోయాయి, రెడ్ హ్యాట్ 10లో అయితే ఆ లైబ్రరీనే తీసేశారు. కాబట్టి కొత్తగా పెట్టేవాళ్లకి నా సలహా దాని బదులు ఎల్‌ఎమ్‌డీబీ అనే ఇంకో డేటాబేస్ లైబ్రరీ. నో_డీబీ అని ఇచ్చి, హ్యాజ్_ఎల్‌ఎమ్‌డీబీ కలిపి, డిఫాల్ట్ డేటాబేస్ కూడా ఎల్‌ఎమ్‌డీబీయే అని చెప్పండి, తర్వాత మెయిన్ డాట్ సీఎఫ్ అనే సెట్టింగుల ఫైల్లో హ్యాష్ (బర్క్‌లీ డీబీ రకం మ్యాపు) అని ఉన్న ప్రతిచోటా ఎల్‌ఎమ్‌డీబీ అని మార్చి మ్యాపులన్నీ మళ్లీ తయారుచేయండి.

కొత్త లినక్స్‌లలో ఇంకొకటి తగులుతుంది, ఎన్‌ఐఎస్ (నెట్‌వర్క్‌లో యూజర్ల వివరాలు పంచుకునే పాత పద్ధతి) హెడర్లు లినక్స్ మూల సి లైబ్రరీ జీలిబ్‌సీతో రావడం లేదు. ఎన్‌ఐఎస్ వాడేవాళ్లు మన దగ్గర ఎవరున్నారు, నో_ఎన్‌ఐఎస్ అని ఇచ్చేయండి. పీసీఆర్ఈ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల లైబ్రరీ) విషయంలో 3.7 నుంచి పీసీఆర్ఈ2 తీసుకుంటుంది, పాతదాని జోలికి పోవద్దు.

నచ్చనిది కూడా చెప్పాలి. ఆ ఫ్లాగులు రాసే పద్ధతి. కోట్‌ల లోపల బ్యాక్‌స్లాష్, దాని పక్కన మళ్లీ కోట్, ఒక్కటి తప్పితే కంపైలర్ ఇచ్చే ఎర్రర్ చూసి ఎవడికీ ఏమీ అర్థం కాదు. ఇంకా, ఫ్లాగులు మార్చాక 'మేక్ టైడీ' కొట్టకపోతే పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. డాక్యుమెంట్‌లో రాసే ఉంది గానీ పెద్దక్షరాల్లో రాయాల్సిన మాట అది.

ఎగ్జిమ్ అనే ఇంకో మెయిల్ సర్వర్‌తో పోల్చమంటే, అక్కడ ఒక మేక్‌ఫైల్ తెరిచి లైను లైనుగా దిద్దాలి. చదవడానికి హాయిగానే ఉంటుంది, కానీ మానిటర్ లైను తీసేయకపోతే మెయిల్ సర్వర్‌కి ఎక్స్11 గ్రాఫిక్స్ లైబ్రరీలు అడుగుతుంది. పీసీఆర్ఈ అందులో తప్పనిసరి, రెండూ రాసింది ఫిలిప్ హేజెలే మరి.

మన జిల్లావాళ్లకి ఒక మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. అలాంటప్పుడు సర్వర్ మళ్లీ లేపాలంటే డౌన్‌లోడ్ ఎక్కడ చేస్తాం. పోస్ట్‌ఫిక్స్ సోర్స్ కొన్ని ఎంబీలే, దాన్నీ దాని సంతకం ఫైలునీ, కావలసిన డెవ్ ప్యాకేజీల డెబ్ ఫైళ్లనీ, మీ ఫ్లాగుల లైనునీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే జెనరేటర్ మీద కూడా పని అయిపోతుంది.

నేనిచ్చేది 5కి 4. పోయిన ఒకటీ ఆ కోట్‌లకీ డీబీకీ. బిల్డ్ అయ్యాక మాత్రం 'పోస్ట్‌కాన్ఫ్ -ఎం' కొట్టి మీరడిగిన మ్యాపులన్నీ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి, చూశాకే పాత సర్వర్ ఆపండి.