డిస్క్ పెట్టగానే పలకరించే మెనూ కోసం: ఆటోప్లే మీడియా స్టూడియో 8 సమీక్ష

మా ఊరి కళాభిమానులు కొందరు కలిసి పాత క్యాసెట్లలో మిగిలిపోయిన పద్యనాటకాల పద్యాలను, రెండు మూడు ఇళ్లలో దాచిన హరికథల, నాటకాల వీడియోలను కంప్యూటర్లోకి ఎక్కించి, ఒకే డీవీడీగా వంద ప్రతులు తీసి పంచాలని నిరుడు నిర్ణయించారు. యూట్యూబులో పెడితే సరిపోదా అని కుర్రకారు అడిగారు గాని, ఆ పద్యాలు ఎవరి కోసమో వారిలో ఎక్కువమంది డెబ్బై దాటినవారు. వారి ఇళ్లలో ఉన్నవి అమెరికా వెళ్లిన పిల్లలు వదిలివెళ్లిన పాత డెస్క్‌టాపులు. వాటికి నెట్ కనెక్షన్ ఉన్నా లేకపోయినా డీవీడీ డ్రైవు మాత్రం తప్పకుండా ఉంది. కాబట్టి 41 పద్యాల ఆడియోలు, 6 వీడియోలు, స్కాన్ చేసిన ఒక కరపత్రాల సంపుటి, ఇవన్నీ ఒక బొమ్మల మెనూలో అమర్చే పని డీటీపీ తెలిసినవాడినన్న పేరుతో నా మెడకు చుట్టుకుంది. ఆ పనికి నేను వాడిన ఆటోప్లే మీడియా స్టూడియో 8 గురించి, దానితో పాటు అలాంటి డిస్కు తయారీలో సాఫ్ట్‌వేరు చేతికి అందని చిక్కుల గురించి ఇక్కడ రాస్తున్నాను.

కెనడాలోని ఇండిగో రోజ్ అనే సంస్థ తయారు చేసిన ఈ సాఫ్ట్‌వేరు విండోస్ మీద మాత్రమే నడుస్తుంది, దానితో తయారయ్యే మెనూ కూడా విండోస్ మీదనే తెరుచుకుంటుంది. డబ్బు పెట్టి కొనవలసినదే అయినా, దీనితో చేసిన మెనూలను ఎన్ని ప్రతులు పంచినా వేరే రాయల్టీ కట్టనక్కరలేదు. ఒకప్పుడు ఇలాంటి మల్టీమీడియా సీడీలకు పెద్ద పేరున్న పనిముట్టు డైరెక్టర్. మాక్రోమీడియా చేతి నుంచి అడోబీ చేతికి వచ్చిన ఆ ప్రోగ్రాము అమ్మకాలు 2017లో ఆగిపోయాయి. అది నేర్చుకోవడానికి నెలలు పట్టేది, దీనికి రెండు సాయంత్రాలు చాలు.

పని తీరు డీటీపీ చేసేవారికి కొత్తగా అనిపించదు. ఖాళీ పేజీ ఒకటి తెరుచుకుంటుంది. దాని మీద బొమ్మలు, బటన్లు, వీడియో పెట్టెలు, అక్షరాల పెట్టెలు తెచ్చి కావలసిన చోట పెట్టుకుంటాం. ప్రతి వస్తువుకూ మౌస్ నొక్కినప్పుడు, మౌస్ దాని మీదికి వచ్చినప్పుడు, దాటి వెళ్లినప్పుడు ఏం జరగాలో విడివిడిగా చెప్పవచ్చు. ఒక పేజీ నుంచి ఇంకొక పేజీకి వెళ్లడం, ఒక ఫైలు తెరవడం, ప్రోగ్రాము మూసివేయడం వంటి మామూలు పనులకు ఒక్క అక్షరం రాయకుండా జాబితాలోంచి ఎంచుకుంటే చాలు. అంతకు మించి కావాలంటే లూవా అనే భాషలో నాలుగు వరుసలు రాసుకోవాలి. ఆ భాష 1993లో బ్రెజిల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది, దాని పేరుకు పోర్చుగీసులో చంద్రుడని అర్థం. ప్రోగ్రామింగ్ అంటే భయపడే నాకే అది మూడో రోజుకు లొంగింది.

లొంగే ముందు ఒక రాత్రి ఏడిపించింది కూడా. నాటకాల వీడియోల ఫోల్డరుకు నేను నాటకం అని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో పేరు పెట్టాను. హరికథలకు జాబితాలోంచి ఎంచుకున్నా, నాటకాలు తెరిచే వరుసను మాత్రం అలా ఎంచుకోకుండా, తెలివికి పోయి చేత్తో రాశాను. విండోస్‌లో ఫోల్డరుకూ ఫోల్డరుకూ మధ్య వేసే వెనక్కి వాలిన గీతకు లూవాలో వేరే అర్థం ఉంది. ఆ గీత పక్కన ఎన్ అక్షరం వస్తే, అక్కడ కొత్త వరుస మొదలుపెట్టమని ఆ భాష అర్థం చేసుకుంటుంది. నాటకం అన్న పేరు ఎన్ అక్షరంతోనే మొదలవుతుంది కదా! ఫలితంగా ఫైలు ఎక్కడుందో చెప్పే దారి రెండు ముక్కలై, హరికథలన్నీ చక్కగా తెరుచుకుంటుంటే నాటకాలు మాత్రం మౌనం పాటించాయి. గీతను రెండుసార్లు వేయాలన్న చిన్న నియమం తెలుసుకునేసరికి అర్ధరాత్రి రెండయింది. ఇది సాఫ్ట్‌వేరు తప్పు కాదు, హెల్ప్ ఫైలు తెరవని నా బద్ధకం. జాబితాలోంచి ఎంచుకుని ఉంటే ఆ గీతలను అదే సరిగా వేసుకునేది.

దారుల విషయంలో దీని పద్ధతి నాకు బాగా నచ్చింది. పేజీలో పెట్టే ప్రతి బొమ్మనూ, పాటనూ ప్రాజెక్టు ఫోల్డరులోకి నకలు తీసుకుని, బొమ్మలకు ఒకటి, ఆడియోలకు ఒకటి, వీడియోలకు ఒకటి చొప్పున వేర్వేరు అరల్లో సర్దుకుంటుంది. మెనూ ఏ డ్రైవు నుంచి నడుస్తోందో తానే కనిపెట్టే మాట, డ్రైవు అక్షరానికి బదులు మన వరుసలో రాసుకునేది, కూడా దానిలో సిద్ధంగా ఉంది. మన కంప్యూటర్లో డీవీడీ డ్రైవుకు ఉన్న అక్షరమే పొరుగువారి కంప్యూటర్లో ఉండదన్న సంగతి, ఇలాంటి డిస్కులు మొదటిసారి చేసేవారు తప్పనిసరిగా తగిలించుకునే దెబ్బ.

ఇక తెలుగు అక్షరాల సంగతికి వస్తాను, ఎందుకంటే మెనూ చదవవలసినవారు తెలుగువారు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది గాని, అందులో తెలుగు గుణింతాలూ ఒత్తులూ సరిగా కూర్చోవాలంటే ప్రాంతీయ భాషల అమరికలోకి వెళ్లి సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా ఎక్కించుకోవలసి వచ్చేది. విండోస్ 7లో వాణి, ఆ తరవాత విండోస్ 8తో నిర్మల వచ్చాయి. అంటే మనం ఏ ఫాంటుతో పేజీ అలంకరించినా, చూసేవారి కంప్యూటర్లో అది ఉంటుందో ఉండదో చెప్పలేం. పైగా అన్ని భాషల అక్షరాలకూ ఒకే పట్టిక అయిన యూనికోడ్ రాకముందు విండోస్ వాడిన కోడ్ పేజీలలో, అంటే విడివిడి అక్షరాల పట్టికలలో, తెలుగుకు చోటే ఇవ్వలేదు. ఆ పాత పద్ధతి మీద ఆధారపడిన ఏ ప్రోగ్రాము ముందు తెలుగు పేరున్న ఫైలు పెట్టినా ప్రశ్నార్థకాల వరుస ప్రత్యక్షమవుతుంది.

అందుకని నేను తెలుగును అక్షరంగా కాక బొమ్మగా పెట్టాను. శీర్షికలకు రామభద్ర, పద్యాల జాబితాకు మండలి, రెండూ ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లే. వాటితో ప్రతి పేజీనీ ఒక పెద్ద బొమ్మగా తయారు చేసుకున్నాను. ఆ బొమ్మను వెనుక తెరగా వేసి, ఒక్కో పద్యం పేరు మీద కంటికి కనిపించని హాట్‌స్పాట్ పెట్టెను పరిచాను. నొక్కవలసింది పద్యం పేరునే అయినా నొక్కు పడేది ఆ పెట్టె మీద. ఈ హాట్‌స్పాట్ సౌకర్యం ఒక్కటే ఈ సాఫ్ట్‌వేరుకు నేను ఇచ్చే మార్కులలో సగం సంపాదించింది. ఏ కంప్యూటర్లో పెట్టినా 'ర్థ్య' అన్న సంయుక్తాక్షరం నేను గీసినట్లే కనిపించింది. కాకపోతే, బొమ్మ తయారయ్యాక అచ్చుతప్పు కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి గీసుకోవాలి. ఒక నటుడి ఇంటిపేరులో దీర్ఘం పోయినందుకు ఆయన మనవడు అలిగితే, ఆ ఒక్క దీర్ఘం కోసం నేను రెండు పేజీలు తిరిగి చేశాను.

ధ్వనికి ఇందులో వేర్వేరు చానళ్లు ఉన్నాయి. వెనుక సంగీతానికి ఒకటి, వ్యాఖ్యానానికి ఒకటి, చిన్న చప్పుళ్లకు కొన్ని. మొదటి పేజీలో తంబురా శ్రుతి మెల్లగా మోగుతూ ఉండాలని నేను కోరుకున్నాను, అది ఒక్క నిమిషంలో కుదిరింది. అయితే ఎవరైనా పద్యం మొదలుపెట్టినప్పుడు ఆ శ్రుతిని ఆపమని మనమే చెప్పాలి, లేకపోతే తంబురా ఒక శ్రుతిలో, పద్యం ఇంకో శ్రుతిలో పోటీపడి వినిపిస్తాయి. వీడియోల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. ఇందులోని వీడియో పెట్టె చూసేవారి విండోస్‌లో ఉన్న డీకోడర్ల, అంటే కుదించిన వీడియోను విప్పి చూపే భాగాల, సాయంతోనే బొమ్మను ఆడిస్తుంది. ఇప్పుడు ఫోన్లలో తీసే ఎంపీ4 వీడియోలను విండోస్ 7 నుంచి సొంతంగా చూపగలదు గాని, ఎక్స్‌పీ చూపలేదు. మా జాబితాలో ఎక్స్‌పీ కంప్యూటర్లు నాలుగు ఉన్నాయని తేలడంతో ఆరు వీడియోలనూ ఎక్స్‌పీకి కూడా తెలిసిన డబ్ల్యూఎంవీ రూపంలోకి మార్చాను. ఫ్లాష్ యానిమేషన్ పెట్టే సౌకర్యం కూడా ఈ సాఫ్ట్‌వేరులో కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకండి. అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది, ఆపై జనవరి 12 నుంచి ఆ ప్లేయరే ఫ్లాష్ బొమ్మలను అడ్డుకుంటోంది.

వీడియోలు మార్చాక ఫోల్డరు 4.5 జీబీ తేలింది. డీవీడీ పెట్టె మీద 4.7 జీబీ అని అచ్చువేసి ఉంటుంది కదా అని నేను ధీమాగా ఉన్నాను. కాని ఆ అంకె జీబీకి వందకోట్ల బైట్ల లెక్క. విండోస్ లెక్కలో అది 4.38 జీబీకి మించదు. ఒక హరికథను కొంచెం నాణ్యత తగ్గించి మళ్లీ మార్చితే గాని డిస్కులో ఇమడలేదు.

పూర్తయిన మెనూను ఈ సాఫ్ట్‌వేరు మూడు నాలుగు విధాల బయటికి ఇస్తుంది: నేరుగా డిస్కు రాయవచ్చు, డిస్కు మొత్తానికి అచ్చు నకలైన ఐఎస్ఓ ఫైలుగా తీయవచ్చు, మామూలు ఫోల్డరుగా ఉంచుకోవచ్చు, మెయిలులో పంపేందుకు ఒకే ఫైలుగా కుదించవచ్చు. నేను ఫోల్డరుగా తీసి, నలుగురి కంప్యూటర్లలో పరీక్షించాక ఐఎస్ఓ తీశాను. ఆ ఫోల్డరులో ఒక ఎగ్జీ ఫైలు (విండోస్ నడిపే ప్రోగ్రాము), ఆటోరన్ ఐఎన్ఎఫ్ అనే చిన్న పాఠ్య ఫైలు, బొమ్మలూ పాటలూ ఉన్న అర ఉంటాయి. ఆ చిన్న ఫైలే అసలు తాళంచెవి. డిస్కు పెట్టగానే ఏ ప్రోగ్రాము నడపాలో, డ్రైవు పక్కన ఏ బొమ్మ చూపాలో విండోస్‌కు చెప్పేది అదే. విండోస్ 95 నుంచి ఈ ఏర్పాటు ఉంది.

ఇక్కడే మాకు అసలైన దెబ్బ తగిలింది. ప్రతులు తీయడానికి పట్నంలోని ఒక దుకాణానికి ఐఎస్ఓ ఫైలు ఇచ్చాను. వారు దానిని ఐఎస్ఓగా రాయకుండా, తెరిచి, లోపల ఉన్నదంతా ఒక కొత్త ఫోల్డరులో వేసి, ఆ ఫోల్డరును డిస్కులోకి ఎక్కించారు. మొదటి పది ప్రతులలో ఒక్కటి కూడా తనంతట తాను తెరుచుకోలేదు. ఆ చిన్న ఫైలు డిస్కు మొదటి గడపలోనే ఉండాలి. లోపలి గదిలో పెడితే విండోస్ దాని వైపు చూడదు. "ఫైళ్లన్నీ ఉన్నాయిగా సార్, తేడా ఏముంది?" అని దుకాణం కుర్రవాడు అడిగాడు. ఆ పది డిస్కులూ ఇప్పుడు మా పెరట్లో పక్షులను బెదిరిస్తున్నాయి. మిగిలిన తొంభైకీ ఇలా రాయమని ఒక కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను.

డిస్కు సరిగా రాసినా, పెట్టగానే మెనూ వస్తుందన్న హామీ ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు. ఎక్స్‌పీలో నేరుగా తెరుచుకునేది. దాని తరవాత వచ్చిన విస్టా నుంచి విండోస్ ముందుగా ఒక పెట్టె చూపి, నడపమంటారా అని అడుగుతుంది. పెన్‌డ్రైవుల విషయంలో ఈ సౌకర్యాన్ని విండోస్ 7 పూర్తిగా తీసేసింది, పాత విండోస్‌లకు కూడా 2011లో అదే కట్టడి వచ్చింది. కాన్‌ఫికర్ వంటి కంప్యూటర్ పురుగులు, అంటే తమంతట తాము వ్యాపించే హానికర ప్రోగ్రాములు, పెన్‌డ్రైవుల ఆటోరన్ ద్వారా లోకమంతా పాకడమే అందుకు కారణం. కాబట్టి ఆ నింద ఈ సాఫ్ట్‌వేరు మీద వేయడం న్యాయం కాదు.

మా డిస్కును మొదట పరీక్షించినవారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన డిస్కు పెట్టారు, డ్రైవు పావు నిమిషం గుర్రుమంది, ప్రశ్నల పెట్టె వచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని నా వైపు చూసి, "ఇదేదో అడుగుతోందే బాబూ, దీనికి నేనేం జవాబు చెప్పాలి?" అన్నారు. మొదటి వరుస మీద నొక్కమన్నాను. మెనూ తెరుచుకున్నాక మాత్రం ఆయనకు నా అవసరం రాలేదు. పద్యాల పేజీకి వెళ్లారు, రాగాల పేర్లు చదివారు, మోహన రాగంలో ఉన్నదాన్ని ఎంచుకుని విన్నారు, వెనక్కి వచ్చారు. అంతా అయ్యాక ఒక లోపం పట్టారు: పద్యం మధ్యలో ఆపే బటన్ ఎక్కడా లేదు. ఫోను మోగితే పద్యం ఆగవద్దా అని ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రే ప్రతి పేజీలోనూ కుడివైపు కింద పెద్దదిగా 'ఆపు' అని చేర్చాను. లూవాలో దానికి పట్టింది ఒకే ఒక్క వరుస.

ఎవరికి ఇది పనికొస్తుంది అంటే, కంప్యూటర్లో చూడవలసిన సరుకు చేతిలో ఉండి, ప్రోగ్రామింగ్ రాని, అయినా అందంగా కనిపించాలని పట్టుదల ఉన్నవారికి. టీవీకి తగిలించే డీవీడీ ప్లేయర్లో చూడవలసిన పెళ్లి వీడియోలకు ఇది అసలు పనికిరాదు, ఆ ప్లేయర్లకు ఎగ్జీ ఫైలు అర్థం కాదు. వాటికి డీవీడీ స్టైలర్ వంటి ఉచిత ప్రోగ్రాములు వేరే ఉన్నాయి. పది పాటలు, నాలుగు ఫోటోలు మాత్రమే ఉన్నవారు ఒక వెబ్ పేజీ చేసి డిస్కులో పెట్టుకుంటే ఖర్చు లేకుండా పోతుంది, పైగా అది మాక్‌లోనూ తెరుచుకుంటుంది. నేను ఆ దారి పట్టకపోవడానికి కారణం ఒక్కటే. బ్రౌజరు కిటికీ పైన అడ్రసు పట్టీ, పక్కన ట్యాబులు కనిపిస్తే మాస్టారు వయసువారు ఎక్కడ నొక్కుతారో ఊహించడం కష్టం. ఇందులో కిటికీ అంచులు సైతం తీసేసి, మన పేజీ తప్ప మరేమీ కనిపించకుండా చేయవచ్చు.

డిస్కు అట్ట వెనుక చివరికి రెండు వాక్యాలు అచ్చువేయించాం. పెట్టె వస్తే మొదటి వరుస మీద నొక్కండి. ఏమీ రాకపోతే మై కంప్యూటర్ తెరిచి, తంబురా బొమ్మ ఉన్న డ్రైవు మీద రెండుసార్లు నొక్కండి. పంచిన వారంలో నాకు పదకొండు ఫోన్లు వచ్చాయి. తొమ్మిది ఆ వాక్యాలు చదవనివారివి. మిగిలిన రెండింటిలో డీవీడీని టీవీ ప్లేయర్లో పెట్టామని చెప్పారు.