పెద్దవాళ్లు, పిల్లలతో బెంగళూరులో రెండు రోజులు: ఎక్కడ తిన్నాం, ఎక్కడ తినకుండా ఉండాల్సింది

అనంతపురం వాళ్లకి బెంగళూరు కొత్తేం కాదు. ఆసుపత్రికని, పెళ్లి బట్టలకని ఎన్నిసార్లు వెళ్లొచ్చామో లెక్కలేదు. కానీ కేవలం తిరగడానికి, తినడానికి అని బయల్దేరడం మాత్రం మాకు ఇదే మొదటిసారి. నేను, మా ఆయన, డెబ్బై దాటిన మా అత్త, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. అత్తకి షుగరు, మోకాళ్ల నొప్పులు, గంటసేపు నిలబడమంటే ఆమె వల్ల కాదు. బాబు కారం ముట్టడు. ఇలాంటి కుటుంబంతో వెళ్లేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నా, ఆ ఊళ్లో మీ ఓపిక, ఆకలి రెండూ పొద్దున టిఫిన్‌కి దాచుకోండి. మధ్యాహ్నం పెద్ద హోటల్లో పెద్ద భోజనం అని ప్లాన్ వేసుకోకండి. మేం వేసుకున్నాం, బాధపడ్డాం, ఆ సంగతి కింద చెప్తాను.

కాచిగూడ నుంచి యశ్వంత్‌పుర్ వెళ్లే వందే భారత్ అనంతపురంలో ఆగుతుంది కాబట్టి అందులో వెళ్లాం. యశ్వంత్‌పుర్ స్టేషన్ పక్కనే గ్రీన్ లైన్ మెట్రో ఉంది. మీరు తినాలనుకునే పాత హోటళ్లు చాలావరకు ఈ ఒక్క లైన్ చుట్టుపక్కలే ఉన్నాయి, స్టేషన్‌లో దిగి చిన్న ఆటో ప్రయాణం చాలు. ఆ ట్రాఫిక్‌లో పిల్లలతో కారులో కూర్చునే టెన్షన్ లేదు.

మొదటి సాయంత్రం మల్లేశ్వరంలో సీటీఆర్. సెంట్రల్ టిఫిన్ రూమ్ అనేది పాత పేరు, ఇప్పుడు శ్రీ సాగర్, కానీ ఆటో వాళ్లకి సీటీఆర్ అంటేనే తెలుస్తుంది. ఇక్కడ బెన్నె (అంటే వెన్న) మసాలా దోసె ఒక్కటీ తింటే చాలు. మన దగ్గర దొరికే కాగితం దోసెలా ఉండదు, మందంగా ఉంటుంది, పైన ఎర్రగా కాలి కరకరలాడుతుంది, తుంచితే లోపల మెత్తగా ఉండి వేళ్లకి వెన్న అంటుకుంటుంది. పక్కన చట్నీ. మా బాబు లోపలి కూర తీసేసి అంచులన్నీ వాడే తినేశాడు. మంగళూరు బజ్జీ కూడా చెప్పండి. మనం మైసూర్ బజ్జీ అనే దానికి ఇది అక్కలాంటిది, వేడిగా ఉన్నప్పుడే తినాలి. సాయంత్రం రద్దీ గట్టిగానే ఉంటుంది, తెరిచే వేళకే వెళ్లిపోండి.

రాత్రికి అత్తకి అన్నం కావాలి, ఎన్ని దోసెలు తిన్నా అన్నం తినకపోతే ఆమెకి నిద్ర పట్టదు. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున అనే ఆంధ్రా హోటల్‌కి వెళ్లాం. అరిటాకు, పప్పు, కందిపొడి, నెయ్యి. బెంగళూరు వెళ్లి మన భోజనమే తినడమేంటని మా ఆయన గొణిగాడు గానీ, నా మాట వినండి, పెద్దవాళ్లు ఉంటే రెండు రోజుల్లో ఒక్కపూటైనా ఇలాంటిది ఉండాలి. బాబుకి పప్పన్నం కలిపి పెట్టేస్తే మన పని కూడా తేలిక.

శనివారం పొద్దున ఏడింటికల్లా శంకరపురంలో బ్రాహ్మిణ్స్ కాఫీ బార్ దగ్గర ఉన్నాం. దీని కోసమైనా మళ్లీ బెంగళూరు వెళ్తాను. 1965 నుంచి నడుస్తున్న చిన్న కొట్టు. ఇడ్లీ, వడ, ఖారా బాత్ (కారం ఉప్మా లాంటిది), కేసరి బాత్ (మన రవ్వ కేసరి), కాఫీ, టీ, అంతే. సాంబారు ఉండదు. చట్నీ చూసి మొదట అత్త "ఇదేంది, ఇంత పల్చగా ఉంది" అంది. ఇడ్లీ మీద ధారగా పోసేశారు, ఇడ్లీ దాన్ని పీల్చుకుని ఉబ్బింది, కొబ్బరి వాసన, పచ్చిమిరప ఘాటు కొంచెమే. అయిపోగానే ప్లేటు పట్టుకుని వెళ్తే మళ్లీ పోస్తారు. అత్త రెండుసార్లు పోయించుకుంది. ఇబ్బంది ఒక్కటే, ఇక్కడంతా నిలబడి తినడమే. మేం ఆటోని ఆపి ఉంచి అత్తని అందులో కూర్చోబెట్టి ప్లేటు అక్కడికే తీసుకెళ్లాం, ఎవరూ ఏమీ అనలేదు. కేసరి బాత్ ఒక్క స్పూను రుచి చూపించి ప్లేటు లాగేసుకున్నాం, షుగరు సంగతి తెలిసిందే కదా.

అక్కణ్ణుంచి లాల్‌బాగ్. 240 ఎకరాల తోట, పిల్లలు పరిగెత్తడానికి, తిన్నది అరగడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. దాని పక్కనే ఎంటీఆర్, అంటే మావళ్లి టిఫిన్ రూమ్స్ హోటల్, 1924లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యానికి కరువొస్తే, రవ్వతో ఇడ్లీ చేసి చూసి రవ్వ ఇడ్లీని పుట్టించింది ఇక్కడే అని చెప్తారు. జీడిపప్పు, ఆవాలు కనబడేలా ఉన్న ఆ ఇడ్లీతో సాగు అనే ఆలుగడ్డ కూర, చిన్న గిన్నెలో నెయ్యి ఇస్తారు. రెండు ఇడ్లీలు ఐదుగురం పంచుకున్నాం, పొద్దున తిన్నదాని మీద అంతకంటే పట్టదు. ఇక్కడి మధ్యాహ్న భోజనం ఎంత పేరున్నదైనా చిన్న పిల్లలతో వద్దనే అంటాను. ఒకదాని తర్వాత ఒకటి వడ్డిస్తూనే ఉంటారు, సగంలోనే పిల్లలు లేచిపోతారు.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం సంగతి. వీడియోల్లో తెగ కనబడే ఒక పెద్ద హోటల్, పేరు చెప్పను. అక్కడ గంటా పదినిమిషాలు బయట నిలబెట్టారు. అత్తకి ఒక కుర్చీ వేయండి బాబూ అని మా ఆయన రెండుసార్లు అడిగితే "చూస్తాం సార్" అన్నారు, ఎవరూ చూడలేదు. కారం వద్దని చెప్పి తెప్పించిన అన్నంలో మిరపకాయలే ఎక్కువ, బాబు ఏడుపు. అన్నీ అయ్యాక బిల్లులో సర్వీస్ చార్జీ. కడుపు మండిపోయింది నాకు. హోటల్ వాళ్లు తమంతట తాము సర్వీస్ చార్జీ కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అదే మాట నెమ్మదిగా అంటే తీసేశారు. మీరు కూడా బిల్లు కిందిదాకా చదవండి, ఉంటే తీసేయమని అడగండి, మొహమాటపడకండి. ఆ పూట గది దగ్గర పెరుగన్నం తెప్పించుకుని ఉంటే అందరం హాయిగా నిద్రపోయేవాళ్లం.

సాయంత్రం వి.వి.పురం తిండి బీది, అంటే తినుబండారాల వీధి. చీకటి పడేటప్పుడు వెళ్లాలి. కళ్ల ముందే కాల్చి ఇచ్చే ఓళిగలు (బొబ్బట్లు) చూసి అత్త మొహం వెలిగిపోయింది, పెనం మీంచి తీసి నెయ్యి రాసి ఆకులో పెడుతుంటే ఇంట్లో పండగలా ఉంది. ఒకటి తెచ్చి నాలుగు ముక్కలు చేశాను, ఈసారి కాదనలేకపోయాను, అత్తకి చిన్న ముక్క ఇచ్చాను. అక్కడే ఉన్న వి.బి. బేకరీలో కాంగ్రెస్ బన్ అని ఉంటుంది, బన్ను మధ్యలో వెన్న రాసి కారం పట్టించిన శెనక్కాయలు కూరతారు. శెనక్కాయల జిల్లాలో పుట్టి ఇన్నేళ్లూ మనకి ఈ ఆలోచన ఎందుకు రాలేదో! కూర్చునే చోటు మాత్రం వెతుక్కోవాలి, గుంపులో చిన్నపిల్లల చెయ్యి వదలకండి.

ఆదివారం ఆరున్నరకి ముందే గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్ తలుపు దగ్గర. 1943 నాటిది, పేరుకి తగ్గట్టు చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం మొదలైందట. పేరు చెప్తే రాసుకుని పిలుస్తారు, వేరేవాళ్లతో బల్ల పంచుకోవాల్సి వస్తుంది. పొద్దున్నే కాబట్టి ఇరవై నిమిషాల్లో దొరికింది, మేం లేచేసరికి బయట రోడ్డు దాకా జనం. ఒకాయన భుజం నుంచి మణికట్టు దాకా దోసె ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వచ్చాడు, పాప తన దోసె కూడా మర్చిపోయి లెక్కపెట్టింది, పదకొండు. సీటీఆర్ దోసెకంటే ఇది ఇంకా కరకరలాడుతుంది, నెయ్యి వాసన గట్టిగా. రెండింట్లో ఏదంటే నాకు ఇదే, మా ఆయనకి అది. కాఫీ మాత్రం బై టూ చెప్పి సగం సగం తాగండి, అప్పుడే ఊళ్లో ఎక్కువచోట్ల తాగొచ్చు.

బయటికొచ్చి గాంధీ బజార్‌లోనే అరకిలో కాఫీ పొడి పట్టించుకున్నాం, నూటికి ఇరవై పాళ్లు చికరీ. ఆ సంచీ రైల్లో అత్త తన ఒళ్లోనే పెట్టుకుంది, పైన పెట్టనివ్వలేదు.

రోజులు చూసుకుని వెళ్లండి. విద్యార్థి భవన్ శుక్రవారం, ఎంటీఆర్ సోమవారం, బ్రాహ్మిణ్స్ ఆదివారం మూస్తారు. మేం మళ్లీ జనవరికి టికెట్లు చూస్తున్నాం, అది అనపకాయల (సొరకాయ కాదు, చిక్కుడు లాంటివి) కాలం. తిండి బీదిలో అప్పుడు ఆ గింజల పొట్టు పితికి తీసిన పితికిపప్పుతో దోసెలు కూడా వేస్తారని విన్నప్పటి నుంచి అత్త రోజూ అడుగుతూనే ఉంది.