మెదడువాపు జ్వరం: జిల్లా ఆసుపత్రికి ఏ పరీక్ష మేలు?

జ్వరం, ఫిట్స్, పిలిస్తే పలకని పిల్లాడు. ఇలాంటి కేసు క్యాజువాలిటీకి వస్తే బ్యాక్టీరియానా, వైరసా, టీబీనా, నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫసా అన్నది చూసి చెప్పడం ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా కష్టమే. వెన్నులోంచి తీసిన నీటిని పరీక్షించాలి. ఆ నీటిలో క్రిముల జన్యుపదార్థాన్ని వెతికి గంటలో రిపోర్ట్ ఇచ్చే మల్టీప్లెక్స్ పీసీఆర్ ప్యానెళ్లు వచ్చాక, జిల్లాకొకటి కొనేస్తే పోలా అనే మాట వినిపిస్తోంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఉన్న కాస్త డబ్బులో మొదటి రూపాయి దాని మీద పెట్టకూడదు.

అలాగని దాన్ని తీసిపారేయలేం. ఎక్కువగా పేరున్న బయోఫైర్ ప్యానెల్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో అనుమతినిచ్చింది. 200 మైక్రోలీటర్ల నీరు, అంటే నాలుగైదు చుక్కలు వేస్తే 14 రకాల క్రిముల కోసం ఒకేసారి వెతుకుతుంది. టెక్నీషియన్ చేతిపని కొద్ది నిమిషాలే. మన దగ్గర ఇది బాగా పనికొచ్చే సందర్భం ఒకటుంది. పెద్దాసుపత్రికి వచ్చేలోపే చాలామంది పిల్లలకు ఎక్కడో ఒకచోట యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడిపోయి ఉంటుంది. అలాంటప్పుడు కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగదు. పీసీఆర్ మాత్రం చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏను కూడా పట్టుకుంటుంది.

చిక్కంతా ఆ 14 పేర్ల జాబితాతోనే. న్యుమోకాకస్, మెనింగోకాకస్, హెర్పిస్, ఎంటిరోవైరస్ ఉన్నాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ లేదు, టీబీ లేదు, స్క్రబ్ టైఫస్ లేదు, చాందీపురా లేదు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. దానికి కారణమని తేల్చింది చాందీపురా వైరస్‌నే. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో ఏటా వానాకాలంలో పిల్లల్ని బలితీసుకున్న జ్వరాల్లో, పరీక్షించిన వారిలో సగానికి పైగా స్క్రబ్ టైఫస్ ఆనవాళ్లు దొరికాయి. ఈ రెండు చోట్లా ఆ ప్యానెల్ ఉండి ఉంటే చాలా రిపోర్టుల్లో ‘నెగెటివ్’ అనే వచ్చేది. ఆ మాట చూస్తే ఇంట్లోవాళ్లకే కాదు, నైట్ డ్యూటీ డాక్టరుకూ లేనిపోని ధైర్యం వచ్చేస్తుంది. పైగా ఒక్కో పరీక్షకు వాడే కార్ట్రిడ్జ్ ఖరీదు వేలల్లో.

పాత పద్ధతి సంగతి చూద్దాం. మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెట్టడం, ప్రొటీన్, షుగర్ చూడటం, రంగు వేసి బ్యాక్టీరియాను చూసే గ్రామ్ స్టెయిన్, కల్చర్. ఖర్చు తక్కువ. కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది కానీ పెరిగిన క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెబుతుంది. ఆ మాట ప్యానెల్ చెప్పలేదు. ఇక్కడ దెబ్బతినేది మనుషుల దగ్గర. నీరు తీసిన గంట రెండు గంటల్లోనే తెల్లకణాలు పగిలిపోవడం మొదలవుతుంది. రాత్రి రెండింటికి తీసిన శాంపిల్‌ను పొద్దున తొమ్మిదికి లెక్కపెడితే వచ్చే అంకెకు విలువ తక్కువ. ‘పాడైపోతుందేమో’ అని ఎవరో ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. వైరస్ పీసీఆర్‌కు పంపేదైతే చల్లగానే ఉండాలి, కల్చర్‌కు పంపేది మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి మెనింగోకాకస్ లాంటివి చచ్చిపోతాయి. రెండు ట్యూబుల మీద రెండు రంగుల స్టిక్కర్లు అతికిస్తే తీరిపోయే సమస్య ఇది.

మూడో దారి, ఒక్కో జబ్బుకు ఒక్కో పరీక్ష. నాకు దీని మీదే మొగ్గు. టీబీ కార్యక్రమం పుణ్యమా అని టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ మెషీన్లు జిల్లాల్లో ఇప్పటికే ఉన్నాయి, వాటిలో వెన్నునీటినీ పెట్టొచ్చు. రెండు గంటల్లోపే జవాబు వస్తుంది, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా తెలుస్తుంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ మెనింజైటిస్ (మెదడు పొరలకు సోకే టీబీ) లేదని కాదు, అనుమానం గట్టిగా ఉంటే మందులు మొదలుపెట్టాల్సిందే. దీనికి నీరు కాస్త ఎక్కువ కావాలి. పసిపిల్లల వెన్నులోంచి వచ్చేదే ఒకటి రెండు మిల్లీలీటర్లు, ఏ పరీక్షకు ఎన్ని చుక్కలో ముందే అనుకోకపోతే చివరి ట్యూబుకు ఏమీ మిగలదు.

స్క్రబ్ టైఫస్‌కు రక్తపరీక్ష ఉంది, కానీ అనుమానం ఉంటే రిపోర్ట్ కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ మొదలుపెట్టడమే మేలు, అవి చవక మందులు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు యాంటీబాడీలను వెతికే ఐజీఎం ఎలైజా పరీక్ష. మొదటి రెండు మూడు రోజుల్లో తీసిన శాంపిల్‌లో దొరక్కపోవచ్చు, దొరికినా ఆ వైరస్‌కు ప్రత్యేకమైన మందు లేదు. ఆ రిపోర్ట్ పిల్లాడి కంటే ఊరికి ఎక్కువ ఉపయోగం, టీకాలు ఎక్కడ తప్పాయో తెలుస్తుంది.

ఇవన్నీ చేసేలోపు వేలి మీద సూది గుచ్చి గ్లూకోమీటర్‌తో షుగర్ చూడటం మరిచిపోకూడదు. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో మెదడువాపు అనుకున్న పిల్లల్లో చాలామందికి షుగర్ బాగా పడిపోయి ఉందని, లిచీ పండ్లతో దానికి సంబంధం ఉందని తర్వాత తేలింది. పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లోనైతే మలేరియా కార్డు టెస్ట్ కూడా అప్పుడే చేసేయాలి.

నన్నడిగితే జిల్లా ఆసుపత్రికి 24 గంటలూ కణాలు లెక్కపెట్టగలిగే టెక్నీషియన్, కల్చర్, సీబీనాట్‌లో వెన్నునీటికి చోటు. ప్యానెల్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఉండాలి. అక్కడ కూడా అందరికీ కాదు: నెలల పిల్లలకు, ముందే యాంటీబయాటిక్ పడినవాళ్లకు, హెర్పిస్ అనుమానంతో ఎసైక్లోవిర్ ఎక్కిస్తున్నవాళ్లకు. చాందీపురా, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, స్క్రబ్ టైఫస్ పేర్లతో ఇక్కడికి తగ్గ ప్యానెల్ అందుబాటు ధరలో వస్తే అప్పుడు ఈ లెక్క మళ్లీ వేసుకోవచ్చు.