మూడేళ్లు వాడాక: మా ఆటోనగర్ ఆఫీసులో రిక్రూటింగ్ సాఫ్ట్‌వేర్

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ కంపెనీలో హెచ్‌ఆర్ చూస్తాను. హెచ్‌ఆర్ అంటే నేనొక్కదాన్నే. గుంటూరు, తెనాలి, ఏలూరు బ్రాంచీలు కూడా నాకే. కౌంటర్ కుర్రాళ్లు, డ్రైవర్లు, టాలీ వచ్చిన అకౌంటెంట్లు... ఏడాది పొడుగునా ఎవరో ఒకరు మానేస్తుంటారు, నేను వెతుకుతుంటాను. మూడేళ్ల కిందట ఎక్సెల్ షీటు వదిలేసి ఒక సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. పేరు వద్దులెండి.

డెమోలో మేం పడిపోయింది రెజ్యూమె పార్సింగ్ చూసి. ఫైలు పడేస్తే పేరు, ఊరు, చదువు వాటంతటవే గడుల్లోకి వెళ్లి కూర్చున్నాయి. వాళ్లు చూపించింది బెంగళూరు ఇంజినీరు రెజ్యూమె. మాకొచ్చేవేమో వాట్సాప్‌లో ఫొటో తీసి పంపే బయోడేటాలు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగు బయోడేటా అయితే, అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు కాబట్టి, తెర మీద అన్నీ పిచ్చి గీతలే. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన అలవాటు కదా, అదే మొదటి పేరనుకుంటుంది. ఒకసారి 'గుంటూరు' ఇంటిపేరున్న అబ్బాయికి ఊరి గడిలో గుంటూరు రాసేసుకుంది. బ్రాంచికి దగ్గరే కదా అని పొద్దున్నే తొమ్మిదింటికి రమ్మన్నాను. రెండు బస్సులు మారి పదకొండింటికి వచ్చాడు పాపం. "మాది బందరు మేడమ్, గుంటూరు మా ఇంటిపేరు" అన్నాడు. బస్సు ఛార్జీలు మేమే ఇచ్చి పంపాం.

అయినా ఇన్నాళ్లూ వాడింది డూప్లికేట్ చెక్ కోసం. డెమోలో దాని గురించి అర నిమిషం కూడా చెప్పలేదు! ఒకే డ్రైవరు ఈ నెల నేరుగా వస్తాడు, వచ్చే నెల కన్సల్టెన్సీ పంపిస్తుంది. ఫోన్ నంబరు కొట్టగానే ఎప్పుడొచ్చాడు, ఎవరు మాట్లాడారు, జీతం దగ్గర ఆగిందా, లైసెన్సు దగ్గర ఆగిందా, అన్నీ కనిపిస్తాయి. మనం ముందే చూసిన మనిషికి కమీషన్ కట్టే గొడవ పోయింది. మనిషి ఉద్యోగానికి ఎంత సరిపోతాడో చెబుతూ ఏఐ ఇచ్చే మార్కులు మాత్రం నేను రెండో నెల నుంచే చూడటం మానేశాను.

ధర యూజర్‌కి ఇంత అని. డబ్బు మిగులుతుందని ముగ్గురు మేనేజర్లకూ ఒకే లాగిన్ ఇచ్చాం. మంచి స్టోర్ కీపర్‌ని ఎవరో రిజెక్ట్ నొక్కేశారు, ఎవరో ఇప్పటికీ తేలలేదు. గుంటూరు మేనేజరు గారైతే "అమ్మా, నాకు లాగిన్లూ గీగిన్లూ వద్దు, ఆ కుర్రాడి నంబరు వాట్సాప్‌లో పెట్టు" అంటారు. ఆయన చెప్పిందే ఇప్పుడు మా పద్ధతి.

డేటా బయటికి ఎలా వస్తుందో కొనేముందే అడగాల్సింది. మాకు సీఎస్‌వీ ఫైలు, అంటే కామాలతో విడదీసిన ఒట్టి అక్షరాల పట్టిక, ఒక్కటే వచ్చింది, రెజ్యూమెలు ఒక్కొక్కటీ దింపుకోవాలి. నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే నా తెలుగు రిమార్కులన్నీ చెత్తచెత్తగా కనిపించి గుండె ఆగినంత పనైంది. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, అక్షరాల ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోయింది.

ఈసారి రెన్యువల్‌కి ముందు ఇంకో కంపెనీని డెమోకి పిలిచాను. వాళ్ల రెజ్యూమెలు తేవద్దన్నాను. మా వాట్సాప్‌లోంచి ఇరవై బయోడేటాలు తీసి, పేర్లు మార్చి, నంబర్లు చెరిపి సిద్ధం చేశాను. అందులో ఒకడి ఇంటిపేరు తెనాలి అని పెట్టాను, ఊరు ఏలూరు.