ఓల్డ్ కోర్సా, ఈలీనా?

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానం ఉంది. అక్కడ సీజన్‌లో ఒక్క రౌండు ఆట ఫీజు 2024లో 320 పౌండ్లు, 2025లో 340, క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) ఖర్చు వేరే. అంత పెట్టడానికి సిద్ధపడ్డా ఆట దొరుకుతుందని లేదు, ముందుగా బుకింగ్ లేకపోతే రెండు రోజుల ముందు డ్రాలో పేరిచ్చి లిస్టు వచ్చేదాకా టెన్షన్. మామూలు ఆదివారాల్లో ఆటే ఉండదు (ఊరి జనంతో పాటు మీరూ ఆ కోర్స్‌లోని పాత రాతి వంతెన స్విల్కన్ బ్రిడ్జి మీద ఫొటో దిగొచ్చు, పైసా ఖర్చు లేదు).

సెయింట్ ఆండ్రూస్ ఉన్న ఫైఫ్ ప్రాంతంలోనే, కాస్త దక్షిణాన ఈలీ కోర్స్. ఫీజు చాలా తక్కువ. పార్-5 (ఐదు దెబ్బల్లో ముగించాల్సిన పొడవాటి హోల్) ఒక్కటీ లేదు. మొదటి హోల్‌కే ఎదురుగా గుట్ట, అవతల ఏముందో కనపడదు, అందుకే స్టార్టర్ (ఆటగాళ్లను వరుసగా ఆటకు పంపే మనిషి) గదిలో జలాంతర్గామి పెరిస్కోపు బిగించారు; ముందువాళ్లు కదిలారో లేదో అందులో చూసి, అప్పుడు కొట్టనిస్తారు. గాలి బాదుడు రెండు చోట్లా ఒకటే.

నన్నడిగితే ఈలీ ముందే బుక్ చేసుకుని, ఓల్డ్ కోర్స్‌ని డ్రాకి వదిలేయండి. పేరొస్తే పండగే, రాకపోతే ఆ డబ్బు జేబులోనే ఉంటుంది.