లిథియం ఇన్వర్టర్ బ్యాటరీ: నల్లగొండ ఎండకు ఆగుతుందా?

12.8 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. బరువు పన్నెండు, పదమూడు కిలోలు. నీళ్లు పోసే పాత రకం సీసం బ్యాటరీ, 150 ఏహెచ్ ట్యూబులర్ అయితే లేపడానికి ఇద్దరు కావాలి. డిస్టిల్డ్ వాటర్ గొడవ లేదు. మొత్తం 1,280 వాట్ అవర్లలో 90 శాతం వాడి, ఇన్వర్టర్ తినేది తీసేస్తే దాదాపు 980 చేతికొస్తుంది. రెండు పాత ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు కలిపి 190 వాట్లైతే ఐదు గంటలు.

పేచీ అంతా ఇన్వర్టర్‌తోనే. ట్యూబులర్ మోడ్‌లో వదిలేస్తే చార్జింగ్ 14.6 వోల్టులు దాటొచ్చు. లోపలున్న నాలుగు సెల్స్ ఒక్కోటి 3.65 దాకే ఓర్చుకుంటాయి. దాటితే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) లైను కట్ చేస్తుంది. బ్యాటరీ పోయిందని షాపుకు మోసే ముందు లిథియం మోడ్ పెట్టారో లేదో చూడండి. లిథియం మోడే లేని ఇన్వర్టరైతే ఈ బ్యాటరీ జోలికి పోవద్దు.

రెండోది ఎండ. చార్జింగ్‌కు చాలా ప్యాక్‌ల మీద 45 నుంచి 55 డిగ్రీల మధ్య హద్దు రాసి ఉంటుంది. మే నెలలో మన రేకుల గది ఆ హద్దును మధ్యాహ్నానికే అందుకుంటుంది. గోడకు జానెడు ఎడంగా, నీడపట్టున పెట్టాలి.

ఇక ‘మేడ్ ఇన్ ఇండియా’ స్టిక్కర్. చాలా ప్యాక్‌లలో డబ్బా, బిగింపు మనవి, సెల్స్ చైనావి. ఎల్‌ఎఫ్‌పీలో కోబాల్ట్ ఉండదు కాబట్టి కాంగోలోని కోబాల్ట్ గనులతో దీనికి పని లేదు. లిథియం మాత్రం తప్పదు. చైనా కంపెనీ హువాయూ 2022లో జింబాబ్వేలోని ఆర్కేడియా గనిని 42.2 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది డిసెంబరులో ముడి ఖనిజం ఎగుమతిని జింబాబ్వే ఆపేసింది. రాయిని అక్కడే శుద్ధి చేయాలని పట్టుబట్టింది. మంచి పనే. పెద్దగట్టు యురేనియం తవ్వకాల గొడవ చూసిన మన నల్లగొండ జిల్లాకు, తవ్వేచోట ఏం మిగులుతుందన్న ప్రశ్న కొత్తేం కాదు. విదేశాల్లో ఖనిజాలు వెతికే మన ప్రభుత్వ రంగ కంపెనీ కాబిల్ 2019లో పుట్టి, 2024 జనవరిలో అర్జెంటీనాలో ఐదు లిథియం బ్లాకులకు ఒప్పందం చేసుకున్నది. అప్పటికి అవి అన్వేషణ కోసమే.

సెల్స్ బయటివే కాబట్టి, కొనేటప్పుడు బ్రాండు కన్నా ముందు రెండు సంగతులు అడగండి: బీఎంఎస్ పోతే అదొక్కటే మారుస్తరా, మొత్తం ప్యాక్ పంపాల్నా? వారంటీ బిల్లు మీద సెల్స్‌కు కూడా రాసిస్తరా? నోటిమాట చెల్లదు.